సరేలెండి, అయిపోతుందిలెండి

మహిళా దినోత్సవం వస్తే చాలు, మా వాట్సాప్ గ్రూపుల్లో పది చేతులున్న అమ్మవారి బొమ్మ ఒకటి తిరుగుతుంది. మీకూ వచ్చే ఉంటుంది. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో లాప్‌టాప్, ఒక చేతిలో పాలసీసా, ఇంకో చేతిలో చీపురు. ఇల్లు నడిపే ఆడదానికి మేనేజ్‌మెంట్ పాఠాలు ఎవరు చెప్పాలి అని కింద ఒక పొగడ్త. నేనూ చాలాకాలం దాన్ని పదిమందికి పంపినదాన్నే. ఇప్పుడు పంపడం లేదు. ఆ బొమ్మ చూస్తే నాకు రెండేళ్ళ కిందటి ఒక పెళ్ళిసారె గుర్తొస్తుంది. దాని వెనకాలే మా తోడికోడలి ముఖం గుర్తొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక చిన్న పని ఒప్పుకుని, నలుగురితో కలిసి, చెప్పిన రోజుకి చేసి ఇవ్వడానికి కోర్సులూ సర్టిఫికెట్లూ అక్కర్లేదు. కానీ ఇల్లు నడిపిన అనుభవం ఒక్కటే సరిపోతుందనడం కూడా అబద్ధమే. ఇల్లు మనకి చాలా నేర్పింది. దాంతోపాటు కొన్ని చెడ్డ అలవాట్లు కూడా నేర్పింది. వాటినే మనం గొప్పలనుకుంటున్నాం.

సంగతేమిటంటే, మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు పిన్నిగారు ఆ సంక్రాంతికి మా ఇంటి అరిసెలు తిన్నారు. మాఘమాసంలో వాళ్ళమ్మాయి పెళ్ళి. "స్వీటు షాపులో ఇవ్వడం నాకిష్టం లేదమ్మా. సారె నువ్వే చేసిపెట్టు. డబ్బులు మాత్రం తీసుకోవాలి సుమా" అన్నారు. 201 అరిసెలు, 201 బూందీ లడ్డూలు, 151 కజ్జికాయలు, 151 సున్నుండలు, 8 కిలోల జంతికలు. శుక్రవారం పెళ్ళి, గురువారం సాయంత్రానికి బుట్టల్లో సర్ది ఇచ్చెయ్యాలి. నేను బుర్రలోనే లెక్క వేసి, బుట్టలతో సహా 24,000 అని చెప్పాను. కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఇంటి సరుకుల పట్టీ కూడా రాయనిదాన్ని నేను. అన్నీ నా బుర్రలోనే ఉంటాయని నాకు పెద్ద గర్వం.

పాకం పట్టడంలో మా వంశం మొత్తానికీ మా తోడికోడలే దిట్ట. మా మరిది భార్య అన్నమాట. రాజమండ్రిలోనే రెండు వీధుల అవతల ఉంటారు. "నువ్వు రావాలే" అన్నాను. "వస్తానక్కా" అంది. అంతే మా ఒప్పందం.

ఆ తరవాత పదిరోజులకి పిన్నిగారు ఫోను. "అమ్మా, ఒక నూట ఒకటి మడతకాజాలు కూడా పెడితే నిండుగా ఉంటుంది కదూ?" నేను ఏమన్నానో తెలుసుగా. "సరేలెండి పిన్నిగారూ, అయిపోతుందిలెండి." మడతకాజా మాకిద్దరికీ చేత కాదు. ఆఖరికి మావారు స్కూటరు మీద తాపేశ్వరం వెళ్ళి కొనుక్కొచ్చారు. 1,500 రూపాయలు మా చేతివే. రేటు ముందే చెప్పేశాను కదా, ఇప్పుడెలా పెంచుతాం, బాగుండదు! మనం వాడే మాటల్లో ఈ "సరేలెండి" అంత ఖరీదైనది ఇంకోటి లేదని నాకు ఇప్పుడనిపిస్తుంది. ఆడపడుచు అడిగినా, బడి టీచరు అడిగినా, కాలనీ వినాయకచవితి కమిటీవాళ్ళు అడిగినా ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది. కాదంటే ఏమనుకుంటారో అని. పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో అలవాటైన మాట అది. వ్యాపారంలో కూడా అదే వాడితే ఎలా?

అరిసెల సంగతి మీకు చెప్పక్కర్లేదు. బియ్యం ఒక రోజన్నా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి, లేకపోతే వాసనొస్తుంది. వడేసి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టి, చెమ్మ ఉండగానే పిండి ఆడించాలి. ఆ పిండి ఆరకముందే పాకంలో పడాలి. ఒకసారి బియ్యం నానబోశామంటే ఇక వెనక్కి రావడానికి లేదు. లడ్డూలు ఇవాళ కాకపోతే రేపు చేస్తాం. నానిన బియ్యం రేపటిదాకా ఆగమంటే ఆగదు.

ఆదివారం రాత్రి 5 కిలోల బియ్యం నానబోశాను. సోమవారం సున్నుండలకి మినపప్పు వేయించి పిండి కొట్టించాను, జంతికలు వండేశాం. అంతా హాయిగా ఉంది. మంగళవారం పొద్దున్నే బియ్యం వడేసి గంపలో పెట్టుకుని పిండిమరకి వెళ్ళాను. తలుపు మూసి ఉంది. మంగళవారం సెలవట! తడి బియ్యం ఆడే మర మా పేటలో అదొక్కటే. మిగతా రెండూ పొడి పిండి మరలు, తడి బియ్యం వేస్తే రాయి పట్టేస్తుందని తీసుకోరు. ఆ మరకి నేను ఇరవై ఏళ్ళుగా వెళ్తున్నాను. కానీ ఎప్పుడూ ఆదివారమో సోమవారమో వెళ్ళేదాన్ని. మంగళవారం అవసరం పడలేదు కాబట్టి, మంగళవారం సెలవని తెలియదు. సోమవారం అదే మరలో మినపప్పు ఆడించానా, అప్పుడన్నా ఒక్క మాట "రేపుంటావా బాబూ" అని అడగలేదు.

5 కిలోల తడి బియ్యం మిక్సీలో వేశాం. గ్లాసుడు గ్లాసుడు చొప్పున. మిక్సీ వేడెక్కిపోయి ఆగిపోతుంది, చల్లారేదాకా కూర్చుంటాం, మళ్ళీ వేస్తాం, జల్లిస్తాం, నూక మళ్ళీ మిక్సీలో వేస్తాం. రాత్రి తొమ్మిదింటికి మొదటి పాకం పెట్టాం. ఆత్రంలో లేతగా దించేశాం. మొదటి వాయి నూనెలో వెయ్యగానే విచ్చిపోయి మూకుడంతా ముక్కలు ముక్కలు. నాకు కాళ్ళు వణికాయి. మా తోడికోడలు మాత్రం ఏమీ అనలేదు. ఆ చలిమిడిలో ఇంకొంచెం పిండి కలిపి, తెడ్డు పుచ్చుకుని అరగంట కుమ్మి దారికి తెచ్చింది. రెండో పాకం తనే పట్టింది, నీళ్ళలో వేస్తే ఉండ కట్టేదాకా కదలకుండా నిలబడింది. ఆవిడ కుడి భుజం అప్పటికే నొప్పి. నాకు తెలుసు. తెలిసీ తెడ్డు నేను పుచ్చుకోలేదు. "నీ చేతికొచ్చినట్టు నాకు రాదే" అన్నాను. ఇది కూడా మనవాళ్ళ పద్ధతే, పొగిడి పని చేయించుకోవడం.

బుధవారం మా అవస్థ చూసి ఎదురింటావిడా, పైఅంతస్తువాళ్ళిద్దరూ సాయానికొచ్చారు. వద్దనలేం. ఒకావిడ అరిసెలు మందంగా తడుతుంది, ఒకావిడ నువ్వులు పిండిలో కలపాలా పైన అద్దాలా అని అడుగుతుంది, ఇంకో ఆవిడ చెక్కల మధ్య నొక్కితే బాగా రావు, రెండు చిల్లుల గరిటెలే నయమని వాదన. వాళ్ళకి చూపిస్తుంటే ఇక్కడ చలిమిడి ఆరిపోతోంది. మధ్యలో అందరికీ కాఫీలు. మేమిద్దరమే ఉంటే మధ్యాహ్నానికి అయిపోవలసింది సాయంత్రం ఆరయింది. ఆ రాత్రి తలనొప్పిగా ఉందని పదకొండింటికి నేను పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి సున్నుండలు వరసగా పళ్ళేల్లో ఉన్నాయి. ఎప్పుడు చుట్టిందో నేను అడగలేదు. గురువారం లడ్డూలు, కజ్జికాయలు, బుట్టలు కట్టడం, మళ్ళీ ఒక పరుగు. ఎలాగైతేనేం, ఏడింటికి సారె మూడో అంతస్తుకి చేరింది. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. వియ్యపురాలు అరిసెలెవరు చేశారని అడిగిందట.

ఇక్కడితో ఆపేస్తే ఇది మహిళా దినోత్సవం బొమ్మ కింద పెట్టుకునే కథ అయ్యేది. అన్ని కష్టాలూ దాటి గెలిచిన ఆడవాళ్ళు. కానీ అసలు తప్పు నేను ఆ తరవాత చేశాను.

ఖర్చులు పోగా 6,400 మిగిలాయి. సరుకులు, పనావిడకి నాలుగు రోజుల కూలి, బుట్టలు, గ్యాసు, కాజాలు అన్నీ కలిపి 17,600 అయ్యాయి. ఆ 6,400 నా బీరువాలోనే పెట్టుకున్నాను. మా తోడికోడలికి 1,800 పెట్టి ఒక చీర కొని, బొట్టు పెట్టి ఇచ్చాను. ఎంత మంచిదాన్నో అని నాకు నేనే మురిసిపోయాను కూడా. "ఎందుకక్కా ఇవన్నీ" అంది. తీసుకుంది. ఉగాదికి ఇంకో చిన్న ఆర్డరొస్తే పిలిచాను, చెయ్యి నొప్పిగా ఉందంది. వేసవిలో పిలిచాను, పుట్టింటికి వెళ్తున్నానంది. శ్రావణమాసం పేరంటానికి వచ్చి, పావుగంట కూర్చుని వెళ్ళిపోయింది. మావారు "ఏమిటి, మీ ఇద్దరికీ ఏమైనా అయిందా" అన్నారు. "ఏమీ లేదే" అన్నాను. నాకు నిజంగానే తెలియలేదు.

ఆ దసరాకి మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు, దానికేదో పరీక్ష కూడా పాసయ్యాడు. సారె కథంతా నవ్వుతూ చెప్పాను. వాడు విని లాప్‌టాప్ తీసి గీతలతో పట్టిక ఒకటి వేశాడు, గాంట్ చార్టు అట. మర సెలవు దగ్గర ఎర్రరంగు పెట్టి "ఇదీ పిన్నీ, దీన్ని క్రిటికల్ పాత్ అంటారు" అన్నాడు. "దీన్ని మేము నానబోసిన బియ్యం అంటాం నాయనా" అన్నాను. సాయానికొచ్చిన ముగ్గురి సంగతి చెప్తే మాత్రం పడీపడీ నవ్వాడు. ఐబీఎంలో పనిచేసిన ఫ్రెడ్ బ్రూక్స్ అనే ఆయన 1975లోనే ఒక పుస్తకంలో రాశాడట, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి కొత్తగా మనుషుల్ని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని. ఆ పుస్తకం పేరు ది మిథికల్ మ్యాన్ మంత్. అరిసెలకీ వర్తిస్తుందని ఆయనకి తెలిసుండదు. "గంటలో అయిపోతుంది" అని మనం ప్రతిసారీ తక్కువ లెక్క వేసుకోవడానికి కూడా పేరుంది, ప్లానింగ్ ఫాలసీ అట. కానెమన్, ట్వెర్‌స్కీ అనే ఇద్దరు 1979లో పెట్టారట. పేర్లు వింటుంటే ముచ్చటగానే ఉంది కానీ, ఇవేవీ కొత్తవి కావు. పెళ్ళి ముహూర్తం పెట్టుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావడం మన ఇళ్ళల్లో ఎవరికి రాదు? ఏది నిలవుంటుందో అది ముందు, ఏది పాడవుతుందో అది చివర. సున్నుండలు ముందు, పచ్చికొబ్బరి కజ్జికాయ ఆఖర్న. ఇవన్నీ వచ్చు మనకి.

వాడు అడిగిన ఒక్క ప్రశ్నకి మాత్రం నా దగ్గర సమాధానం లేకపోయింది. "మంగళవారం నీకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో పడితే, ఏ కొట్లో ఏం చెప్పావో, ఎవరికి ఎంతిచ్చావో, ఏది ఎప్పుడో, ఇంకెవరికైనా తెలుసా పిన్నీ?"

తెలియదు. ఎవరికీ తెలియదు. అన్నీ నా బుర్రలోనే ఉన్నాయని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను కదా, అది గర్వపడే విషయం కాదని అప్పుడు తట్టింది. ఇంట్లో అయితే అది మన బలం. డబ్బా ఎక్కడుందో మనకే తెలుసు, మాత్ర ఏది వేసుకోవాలో మనకే తెలుసు. మనం లేకపోతే ఇల్లు గడవదని అందరూ అంటే మనకి ఆనందం. నలుగురి పనిలో అదే అలవాటు మిగతా ముగ్గురినీ గుడ్డివాళ్ళని చేస్తుంది. మా తోడికోడలికి రేటెంత ఒప్పుకున్నానో తెలియదు, ఖర్చెంతో తెలియదు, మిగిలిందెంతో తెలియదు. ఆవిడ నాతో సమానంగా నిలబడింది, కానీ నేను ఆవిణ్ణి పనిలో భాగస్తురాలిగా చూడలేదు. చిన్న తోడికోడలిగా చూశాను.

వాడు వెళ్ళాక ఒక రాత్రి కూర్చుని, గుర్తున్నంతవరకూ గంటలు రాశాను. నావి 42. ఆవిడవి 38. మొత్తం 80. మిగిలిన 6,400ని దానితో భాగిస్తే గంటకి 80 రూపాయలు. ముందు అంతేనా అని ఉసూరుమనిపించింది. తరవాత ఆవిడ వాటా లెక్క వేశాను, 3,040. నేను ఇచ్చింది 1,800 చీర. అదీ నాకు నచ్చిన రంగు.

మన గంటలు లెక్కపెట్టుకోవడం మనకి ఎందుకు రాదంటే, ఎవరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు కాబట్టి. 2019లో కేంద్ర ప్రభుత్వం కాలవినియోగం మీద సర్వే చేసింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు వాటికి పెడుతున్నారట, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. దగ్గర దగ్గర అయిదు గంటలు, ఒక్క రూపాయి లేకుండా. ముప్ఫై ఏళ్ళు అలా చేశాక, డబ్బొచ్చే పనిలో కూడా మన టైముకి ఖరీదు సున్నా అనే అనుకుంటాం. మనది సున్నా అనుకుంటే మన త్యాగం అనుకోవచ్చు. పక్కావిడది కూడా సున్నా అనుకుంటాం చూశారా, అక్కడ మాత్రం మనం తప్పు చేస్తున్నట్టే.

ఇంకోటి కూడా ఉంది. ఇంటి పనికి ముగింపు అంటూ లేదు. ఇవాళ గిన్నెలు తోమితే రేపు మళ్ళీ గిన్నెలే. అందుకని ఒక పని "అయిపోయింది" అని చెప్పి, కూర్చుని, ఏం బాగా జరిగింది, ఏం జరగలేదు, ఎవరికెంత అని తేల్చుకునే అలవాటే మనకి లేదు. సారె వెళ్ళిన రాత్రి నేను చేసిన పని ఏమిటంటే, మర్నాటి ఇడ్లీకి పప్పు నానబొయ్యడం.

దగ్గరివాళ్ళ మధ్య లెక్కలేమిటి అంటారు కొందరు. మా అత్తగారి మాట కూడా అదే. "డబ్బు మాట వస్తే మనసులు విరుగుతాయి." నేను ఒప్పుకోను. డబ్బు మాట రాకపోవడం వల్లే మావి విరిగాయి. లిజ్జత్ అప్పడాలు మీరూ కొనే ఉంటారు. 1959లో బొంబాయిలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి ఒక మిద్దె మీద మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడ సభ్యులందరూ ఒకరినొకరు బెహన్ అనే పిలుచుకుంటారు, అందరూ యజమానులే. అయినా పొద్దున్న పిండి తూచి ఇస్తారు, ఒత్తి ఎండబెట్టి తెచ్చిన అప్పడాలు తూచి తీసుకుని కూలి లెక్కకట్టి ఇస్తారు. అక్కాచెల్లెళ్ళని పిలుచుకుంటూనే తూకం వేసుకుంటారు. ఆ తూకమే లేకపోతే ఆ పిలుపులు ఇన్నేళ్ళు ఉండేవా అని నా అనుమానం.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం 3,040 ఒక కవర్లో పెట్టుకుని, నేను రాసిన లెక్కల కాగితం పట్టుకుని మా తోడికోడలి ఇంటికి వెళ్ళాను. చీర సంగతి ఎత్తకూడదని ముందే అనుకున్నాను. చీర చీరే, కూలి కూలే. కవరు ఇస్తే "వద్దక్కా" అంటుందనుకున్నాను, బతిమాలడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ కవరు తీసుకుని, నా ఎదురుగానే లెక్కపెట్టింది. కాగితం చదివింది. మూడు నిమిషాలు చదివిందేమో, నాకు గంటలాగా ఉంది.

"ముప్ఫై ఎనిమిది కాదక్కా, నలభై ఒకటి. బుధవారం రాత్రి మీరు పడుకున్నాక మూడు గంటలు సున్నుండలు చుట్టాను."

పర్సులోంచి ఇంకో 240 తీసి ఇచ్చాను. తీసుకుని, కాఫీ పెట్టడానికి లేచింది. ఆ రోజు మేమిద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. ఆవిడ భుజానికి ఫిజియోథెరపీకి వెళ్తోందని మాత్రం అప్పుడే తెలిసింది.

ఆ తరవాత నేనొక పుస్తకం కొన్నాను. పిల్లలు బడికి వాడే గీతల పుస్తకం, అంతకన్నా ఏం లేదు. మా వాడు ఫోన్‌లో ఏదో యాప్ పెట్టిచ్చాడు కానీ, నెయ్యి చేతులతో ఫోను ముట్టుకోలేం. రోజుల పట్టీ వంటింటి గోడ మీది వెంకట్రామా క్యాలెండరు మీదే రాస్తాను, వర్జ్యం పక్కనే "బియ్యం నానబొయ్యాలి" అని. పుస్తకంలో మొదటి పేజీ నిండా మన చేతిలో లేనివి ఉంటాయి. మర ఏ రోజు సెలవు, అట్టపెట్టెలు ఎన్ని రోజులకి తెస్తాడు, అనకాపల్లి బెల్లం ఏ కొట్లో ఉంది, ఆ వారం మా వీధిలో కరెంటు పనులేమైనా ఉన్నాయా. మన చేతిలో ఉన్న పనులు ఎలాగో అలా చేసేస్తాం, రాత్రి మేలుకునైనా. మనని ముంచేవి ఎప్పుడూ ఎదుటివాళ్ళ చేతిలో ఉన్నవే. అందుకని ఒప్పుకున్న రోజే వాటికి ఫోన్లు చేసేస్తాను. వెనక పేజీలో గంటలు. ఎవరివి వాళ్ళే రాసుకోవాలి, ఒకళ్ళవి ఇంకొకళ్ళు రాయకూడదు. రేటు చెప్పేముందు ఇద్దరం కలిసి లెక్క వేస్తాం, గంటకి 150 అని మొదటే కలుపుకుంటాం.

దీనివల్ల అంతా సుఖమేనని చెప్పను. కిందటేడు ఒక ఓణీల ఫంక్షనుకి 250 పొట్లాలు ఒప్పుకున్నాం. పొట్లానికి ఒక అరిసె, ఒక సున్నుండ, గుప్పెడు జంతికలు. నాలుగు రోజులుందనగా ఆవిడ ఫోన్ చేసి ఇంకో వంద పొట్లాలంది. "వంద కుదరదండీ. నలభై ఇవ్వగలం, దానికి ఇంత అవుతుంది" అన్నాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి చెమట పట్టింది, ఈ వయసులో! ఆవిడ నలభై తీసుకుంది, డబ్బులూ ఇచ్చింది. కానీ ఇప్పటికీ లిఫ్టులో నేను ఎక్కితే ఫోను చూసుకుంటుంది. ఆవిడ స్నేహితురాలి ఆర్డరు ఒకటి మాకు రావలసింది, రాలేదు. పోయిందంటే పోయింది. ఆ వందా ఒప్పుకునుంటే మళ్ళీ ఎవరో ఒకరి భుజం మీదే పడేది, ఎవరి భుజమో మీకు తెలుసు.

సాయానికొచ్చే వాళ్ళని ఇప్పటికీ వద్దనలేకపోతున్నాను. ఒక్క ఏర్పాటు చేసుకున్నాను, పొయ్యి దగ్గరికి ఎవరినీ రానివ్వను. పొట్లాలు కట్టడం, రిబ్బన్లు చుట్టడం, లెక్కపెట్టడం. అవి ఎవరికీ నేర్పక్కర్లేదు. ఎదురింటావిడ చిల్లుల గరిటెల వాదన మాత్రం రిబ్బన్లు చుడుతూ కూడా చేస్తూనే ఉంటుంది.

ఈ పండక్కి మూడు ఆర్డర్లున్నాయి. పుస్తకం ఈసారి మా తోడికోడలి దగ్గర ఉంది. మొన్న సాయంత్రం ఫోన్ చేసి, "అక్కా, మర అబ్బాయితో మాట్లాడాను. పండగ నెలలో సెలవు మంగళవారం కాదట, గురువారానికి మార్చాడట. మీరు గోడ మీద దిద్దుకోండి" అంది. క్యాలెండరు దగ్గరికి వెళ్ళి దిద్దాను. పెన్ను రాయకపోతే బొగ్గుముక్కలాంటి కాటుక పెన్సిలుతో దిద్దాను.